అడవిలో చెట్టు కూలితే ఆ చోటు ఎవరికి దక్కుతుంది?

[దృశ్యం: వానాకాలం, కొండపల్లి కొండవాలు. కూలిన చెట్టు మొదలు, చుట్టూ మోకాలెత్తు మొక్కలు.]

నమస్కారం. విజయవాడకి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండపల్లి అడవి ఇది. కొండపల్లి బొమ్మలకి కర్ర ఇచ్చే తెల్ల పొణికి చెట్టు ఈ కొండల్లో పెరుగుతుంది. ఒక్క జాతి అడవి కాదు, రకరకాల చెట్లు కలిసి పెరిగే మిశ్రమ అడవి. ఇందులో ఓ పెద్ద చెట్టు గాలికి కూలినా, ఎవరైనా నరికినా పైన ఆకుల కప్పులో ఖాళీ పడుతుంది. ఆ ఖాళీ కింద ఉన్న మొక్కల్లో ఏది చెట్టవుతుంది?

ఎండ బాగా తగిలినదే అవుతుందని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం.

[దృశ్యం: నీడలో పెరిగిన ఆకు, దగ్గరగా.]

ముందు వెలుతురు సంగతి చూద్దాం. పైనున్న ఆకులు ఎరుపు, నీలం కాంతిని పీల్చేసుకుని, మన కంటికి దాదాపు ఆనని ఫార్ రెడ్ కాంతిని ఎక్కువగా కిందికి వదులుతాయి. అంటే నీడలో వెలుతురు తగ్గడమే కాదు, దాని రకమూ మారిపోతుంది. మొక్కల్లో ఉండే ఫైటోక్రోమ్ అనే ప్రొటీన్ ఆ తేడాని పట్టేస్తుంది. అందుకే కొన్ని జాతుల చిన్న విత్తనాలు ఆకుల కింద మొలకెత్తకుండా ఉండిపోయి, పైన ఖాళీ పడ్డాక లేస్తాయి.

ఇప్పటికే నీడలో మొలిచిన మొక్క కష్టం వేరు. దాని ఆకులు పలచన, తక్కువ వెలుతురుకి తయారైనవి. ఉన్నట్టుండి నెత్తిన ఎండ పడితే పాలిపోతాయి, కొన్ని మాడిపోతాయి. చూసేవాళ్లకి మొక్క చచ్చిపోతోందని టెన్షన్ వస్తుంది. కానీ ముదిరిన ఆకు ఎలాగూ మందం కాలేదు. కొత్తగా వేసే ఆకులే ఎండకి తగ్గట్టు మందంగా వస్తాయి. వాటిని వేసేంత నిల్వ వేరులో ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఖాళీ చిన్నదైతే పక్క చెట్ల కొమ్మలే కొన్నేళ్లలో దాన్ని కప్పేస్తాయి. లేదా కింద ముందునుంచీ కాచుకుని ఉన్న మొక్క పైకి లేస్తుంది. పెద్దదైతే ఎండని కోరే జాతులు విత్తనం నుంచే వచ్చి దూసుకెళ్తాయి. అడవంటే ఇలా వేర్వేరు వయసుల ముక్కలు కలిసిన అతుకుల బొంత అని బ్రిటిష్ వృక్ష శాస్త్రవేత్త అలెక్స్ వాట్ 1947లోనే వివరించాడు.

[దృశ్యం: అదే వాలు, మే నెల. ఆకులు రాలిన చెట్లు, నెర్రెలిచ్చిన నేల.]

అయితే వాట్ చూసింది చల్లటి దేశపు అడవుల్ని. మనది ఆకురాల్చే పొడి అడవి. ఇక్కడి చిక్కేమిటంటే, మొక్కకి వెలుతురూ నీళ్లూ ఒకే కాలంలో దొరకవు. వేసవిలో చెట్లు ఆకు రాల్చి ఎండ నేలదాకా వస్తుంది, తేమ ఉండదు. జూన్‌లో వానలు పడతాయి, ఆలోగా పైన ఆకు కమ్ముకుంటుంది. ఖాళీలో మాత్రం వానాకాలంలో రెండూ కలిసొస్తాయి. కూలిన చెట్టు వేళ్లు ఇక నీళ్లు తాగవు కాబట్టి లోపలి మట్టిలో తేమా కాస్త మిగులుతుంది.

కానీ అదే ఖాళీలో మే నెల వస్తుంది. 45 డిగ్రీల ఎండకి పైమట్టి కాలిపోతుంది. ఆ ఏడే మొలిచిన మొక్కకి వేరు లోతు ఉండదు, చాలావరకు పోతుంది. అలాంటి మొదటి వేసవిలో పక్కనున్న పొద నీడే దానికి ఆధారం. మరికొన్ని పైన కాండం ఎండిపోయినా వేరు బతికుండి, వానకి మళ్లీ చిగురిస్తాయి. టేకు మొక్కలు అలా చేస్తాయి. తునికి అయితే వేరునుంచే పిలకలు వేస్తుంది.

అందుకే నాకు బాధ కలిగించే విషయం ఒకటి చెప్పాలి. మొక్కలు నాటేముందు ఖాళీని ‘శుభ్రం’ చేస్తారు. లాంటానా అనే కలుపు పొదని తీయడం మంచిదే, అది మొలకల్ని కమ్మేస్తుంది. కానీ దాంతోపాటు పిచ్చిమొక్కలనుకుని ఏళ్ల తరబడి వేరు పెంచుకున్నవాటినీ చెక్కేస్తారు. తెల్ల పొణికి విత్తనానికి పెంకు గట్టి, తేలిగ్గా మొలవదు. మొలిచిన ఒక్కటీ పారకి పోతే ఆ నష్టం చిన్నది కాదు.

[దృశ్యం: మొక్క మొదలు, దగ్గరగా.]

నాటడానికి వెళ్లేవాళ్లు పార వేసేముందు వంగి మొక్క మొదలు చూడండి. కాండం సన్నగా ఉండి, నేల దగ్గర మాత్రం లావుగా ముడిలా కనిపిస్తే, పక్కన ఎండిన పాత పుల్లలు ఉంటే, అది ఈ ఏడు మొలిచింది కాదు. దాన్ని వదిలి, నాలుగడుగులు అవతల గుంత తవ్వండి.