కారు కంటే ముందు పార్కింగ్‌లో ప్లగ్గు చూడండి

అందరికీ నమస్కారం. మన హైదరాబాద్‌లో ఎలక్ట్రిక్ కారు మాట ఎత్తగానే వచ్చే ప్రశ్న ఒకటే, కిలోమీటరుకు ఎంత పడుతుంది? దానికి నా జవాబు, మీరు చార్జింగ్ ఎక్కడ పెడతారో ముందు చెప్పండి అని.

నెలకు 1200 కిలోమీటర్లు తిరుగుతున్నారనుకుందాం. మన ట్రాఫిక్‌లో పెట్రోలు కారు లీటరుకు 14 ఇస్తే, లీటరు 107 రూపాయల చొప్పున నెలకు 9,200 దాకా అవుతుంది. ఎలక్ట్రిక్ కారుకు, చార్జింగ్‌లో వృథాగా పోయేది కూడా కలుపుకొని యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు వేసుకుంటే 200 యూనిట్లు కావాలి. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు, కరెంటు బిల్లును యూనిట్లతో భాగించి ఆ సగటు రేటు వేసేస్తారు, కానీ ఇంట్లో ఏసీలు, గీజర్లు ఉంటే కారు యూనిట్లన్నీ ఎక్కువ రేటుండే పై శ్లాబులోనే పడతాయి. అందుకే యూనిట్‌కు పది రూపాయలు వేయండి. అయినా 2,000 మాత్రమే. నెలకు 7,200 మిగిలింది.

అదే బయట ఫాస్ట్ చార్జర్ దగ్గర యూనిట్ 20 అనుకుంటే, పైన 18 శాతం జీఎస్టీ కలిపి 4,700 దాటుతుంది. మిగులు 4,500కు పడిపోయింది. కారు అదే, మనిషీ అదే!

తెలంగాణలో 2026 డిసెంబరు 31 వరకు ఉన్న రోడ్ ట్యాక్స్ మినహాయింపు పోగా కూడా ఎలక్ట్రిక్ కారుకు పెట్రోలు కారు కంటే నాలుగు లక్షలు ఎక్కువ పెట్టారనుకోండి. ఇంట్లో చార్జింగ్ అయితే నాలుగున్నరేళ్లు దాటాక ఆ డబ్బు తిరిగొస్తుంది, బయటైతే ఏడేళ్లు దాటుతుంది. నెలకు 400 కిలోమీటర్లే తిరిగే పెద్దాయనకైతే ఇంట్లో పెట్టుకున్నా దాదాపు 14 ఏళ్లు. ఆయన్ని పెట్రోలు కారే ఉంచుకోమంటాను.

ఎలక్ట్రిక్ కారుకు ఇంజిన్ ఆయిల్, క్లచ్ ఖర్చులు ఉండవు. ఎదుటివాళ్లకు జరిగే నష్టం కోసం కట్టే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియంలో 15 శాతం తగ్గింపు ఉంది, కానీ కారు ధర ఎక్కువ కాబట్టి మొత్తం ఇన్సూరెన్స్ తగ్గుతుందని ఆశపడకండి.

నన్ను బాధపెట్టేది అపార్ట్‌మెంట్ల సంగతి. మా దగ్గర నా సొంత మీటరు నుంచి పార్కింగ్‌కు వైరు లాగడానికి అసోసియేషన్ అనుమతి రావడానికే ఎనిమిది నెలలు పట్టింది, ఆ ఎనిమిది నెలలూ బయటి చార్జర్ల దగ్గర నిలబడ్డాను. సరైన ఎర్తింగ్, వేరే ఎంసీబీతో (లోడు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్) ఒక్క 15 ఆంపియర్ల సాకెట్ ఉంటే రాత్రి ఎనిమిది గంటల్లో మరుసటి రోజు 100 కిలోమీటర్లకు సరిపడా ఎక్కుతుంది. అందుకే బుకింగ్ డబ్బు కట్టకముందే ఎలక్ట్రీషియన్‌తో వైరు పొడవు కొలిపించి, ఆ ఎస్టిమేట్ పట్టుకొని ఈ నెల అసోసియేషన్ మీటింగ్‌కు వెళ్లండి.