పొట్లం చేరాల్సిన ఇల్లు ఏది?

అందరికీ నమస్కారం. ఈ హాల్లో దాతలున్నారు, సేవా సంస్థల వాళ్లున్నారు. వెనక వరసల్లో అంగన్‌వాడీ టీచర్లు కూర్చున్నారు. నిర్వాహకులు ఏమీ అనుకోకపోతే వాళ్లను ముందుకు రమ్మనండి. నేను చెప్పేదంతా వాళ్ల పని గురించే.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడకు తిండి రాలేదని ఎవరూ అనలేరు. లారీలకు లారీలు పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు వచ్చాయి. హెలికాప్టర్లు తిరిగాయి, డ్రోన్లతో కూడా పొట్లాలు దించారు. అయినా సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర అందినంత తేలిగ్గా లోపలి సందుల్లో అందలేదు. ఏ మేడ మీద బాలింత ఉందో, ఏ ఇంట్లో నెలల బిడ్డ ఉన్నాడో పడవ నడిపేవాడికి ఎలా తెలుస్తుంది? ఆ లెక్క పేర్లతో సహా అంగన్‌వాడీ రిజిస్టర్లో ఉంటుంది. సాయం పట్టుకొచ్చిన వాళ్లలో ఆ టీచరమ్మ ఫోన్ నంబరు అడిగినవాళ్లు ఎంతమంది? కలిసి పనిచెయ్యడమంటే ముందు ఆ ఫోన్ చెయ్యడం. బ్యానర్ మీద ఎవరి లోగో పెద్దగా ఉండాలో తీరిగ్గా తేల్చుకోవచ్చు.

నా వయసు వాళ్లకు కేర్ అనే సేవా సంస్థ సాయంతో బళ్లో పెట్టిన ఉప్మా గుర్తుండే ఉంటుంది. ఆ గోధుమ రవ్వ అమెరికా నుంచి ఓడల్లో వచ్చేది. బయటి సాయం ఎప్పుడో ఒకప్పుడు ఆగేదే, అదీ ఆగింది. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్, అంటే అంగన్‌వాడీలను నడిపే ప్రభుత్వ పథకం, మాత్రం నిలబడింది. అంగన్‌వాడీ సరఫరాల్లో కాంట్రాక్టర్లు వద్దు, వీలైనంతవరకు ఊరివాళ్ల చేత, మహిళా సంఘాల చేత నడిపించండని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చాక అంగన్‌వాడీ భోజనం పిల్లల హక్కయింది. ఆ చట్టం మొదట పెట్టిన లెక్క ప్రకారం ఆరు నెలలు నిండిన దగ్గర్నుంచి ఆరేళ్ల దాకా రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రొటీన్. బాగా చిక్కిపోయిన బిడ్డకైతే 800 కేలరీలు. ఇదంతా ఉండగా మనం మళ్లీ బిస్కెట్ ప్యాకెట్లు పట్టుకెళ్లడం ఎందుకు?

లోటు వేరే చోట ఉంది. అంగన్‌వాడీలో చిన్నపిల్లలకిచ్చే బాలామృతం పిండి ప్యాకెట్ ఇంటికి వెళ్తే ఇంట్లో పిల్లలందరూ తింటారు. ఒక్కడికే పెట్టి మిగతావాళ్లను చూస్తూ ఉండమంటే ఏ తల్లికి మనసొప్పుతుంది? బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గితే ప్రమాదం. టీచర్ టేపు పెట్టి కొలుస్తుంది, ఆసుపత్రిలోని పోషణ పునరావాస కేంద్రానికి తీసుకెళ్లమని చెబుతుంది. అక్కడిదాకా బాగానే ఉంది. మిర్చి కోతల రోజుల్లో గుంటూరు పక్క పల్లెల్లోని తల్లి పనులు మానుకుని రోజుల తరబడి ఆసుపత్రిలో ఎలా ఉంటుంది? ఇంటి దగ్గర పెద్దపిల్లకు అన్నం ఎవరు పెడతారు? ఆటో కిరాయి ఎవరిస్తారు? దాతల డబ్బు ఇక్కడ కావాలి. ఫొటోకి పెద్దగా పనికిరాదు, నిజమే.

చెప్పకుండా ఇస్తే మంచి వస్తువు కూడా చెత్తబుట్టలో పడుతుంది. రేషన్‌లో, బడి భోజనంలో వచ్చిన ఫోర్టిఫైడ్ బియ్యం చూడండి. వంద కిలోలకు కిలో చొప్పున ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపిన గింజలు ఉంటాయి. కడిగేటప్పుడు అవి నీళ్ల మీద తేలితే ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తప్పు వాళ్లది కాదు, వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

చివరగా పాలపొడి డబ్బాల సంగతి. వరదలొస్తే చాలు, పసిపిల్లలకని డబ్బాలు కొనుక్కొస్తారు. మంచి మనసే. కానీ మురికి నీళ్ల మధ్య సీసా పాలు కలిపి పడితే బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. పైగా శిశు పాలపొడిని అనాథాశ్రమాలకు తప్ప దానం చెయ్యకూడదని 1992 చట్టమే చెబుతోంది. శిబిరంలో బాలింతకు వేడి అన్నం, కాచిన నీళ్లు, పాలిచ్చుకోవడానికి చీరలు కట్టి మరుగు చేసిన ఒక మూల చూడండి. తల్లి పాలు లేని బిడ్డ ఉంటే డాక్టర్‌నో, ఊళ్లోని ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎంనో అడిగి చెయ్యండి.

ఇక మైకు టీచరమ్మలకు ఇస్తున్నాను. వాళ్ల సెంటర్లలో ఏం కావాలో చెబుతారు. దాతలు దయచేసి పెన్ను తియ్యండి.