సముద్రం చేరని నదులు

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం పిల్లాపాపలతో ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషంగా ఉంది. ఇక్కడ అమెరికాలో, నెవాడా రాష్ట్రంలోని రీనోలో స్థిరపడిన మనవాళ్లు ఎవరు కలిసినా నేనొక ప్రశ్న అడుగుతుంటాను: మీ ఇంటి కుళాయిలో వచ్చే నీళ్లు ఎక్కడివి? ట్రకీ నదివి అని వెంటనే చెబుతారు. మరి ఆ నది ఎక్కడికి పోతుంది అంటే చాలామంది ఆగిపోతారు. గోదావరినీ కృష్ణనూ చూసి పెరిగినవాళ్లం. నది అన్నాక సముద్రంలో కలవాల్సిందే అనుకుంటాం. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఆ రెండో ప్రశ్న గురించే.

ముందుగా ఈ నేల సంగతి. నెవాడా వైశాల్యం సుమారు 2,86,000 చదరపు కిలోమీటర్లు. విడిపోకముందు మన ఆంధ్రప్రదేశ్ ఎంతో, ఇది అంతకన్నా కొంచెం పెద్దది. జనం మాత్రం 30 లక్షల పైచిలుకు. ఏడాది మొత్తానికి సగటున పడే వాన 25 సెంటీమీటర్లు ఉంటే గొప్ప. అమెరికా రాష్ట్రాల్లో ఇంతకన్నా తక్కువ వాన పడేది మరొకటి లేదు. కరువుకు పేరుపడ్డ మన అనంతపురంలోనే 55 సెంటీమీటర్ల దాకా కురుస్తుంది. రెండుచోట్లా కారణం ఒకే తీరుది. అనంతపురానికి పడమటి కనుమలు అడ్డు, మనకు సియెర్రా నెవాడా పర్వతాలు అడ్డు. పసిఫిక్ నుంచి వచ్చే తడిగాలి కొండ ఎక్కుతూ చల్లబడి, తనలోని తేమనంతా కాలిఫోర్నియా వైపు వాలు మీదా శిఖరాల మీదా దింపేస్తుంది. ఇవతలికి దిగేసరికి ఆ గాలి వేడెక్కి పొడిబారిపోతుంది. స్పానిష్ భాషలో నెవాడా అంటే మంచు కప్పినది అని అర్థం. ఎడారికి మంచు పేరేమిటని కొందరు ఆశ్చర్యపోతారు. ఇంతకన్నా తగిన పేరు దొరకదని నా నమ్మకం. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఇక్కడి నుంచి తూర్పుగా కారులో వెళ్లినవాళ్లకు అనుభవమే: కొండ ఎక్కుతాం, లోయలోకి దిగుతాం, మళ్లీ కొండ, మళ్లీ లోయ, యూటా దాకా ఇదే వరస. ఉత్తర దక్షిణాలుగా సాగే పర్వతశ్రేణులు ఈ రాష్ట్రంలో 300కు పైగా ఉన్నాయి. భూమి పైపొర తూర్పు పడమరలుగా సాగి, పగుళ్లిచ్చి, కొన్ని ముక్కలు పైకి లేచాయి, కొన్ని కుంగాయి. ఆ సాగడం ఇంకా ఆగలేదు. భూకంపాలు వస్తున్నది అందుకే. క్లారెన్స్ డటన్ అనే 19వ శతాబ్దపు భూగర్భ శాస్త్రవేత్త ఈ శ్రేణులను గొంగళిపురుగుల దండుతో పోల్చాడు. ఎత్తును బట్టి ఇక్కడ వాతావరణం పూర్తిగా మారిపోతుంది. దక్షిణాన లాఫ్లిన్‌లో 1994 జూన్ 29న 51.7 డిగ్రీల సెల్సియస్ ఎండ కాసింది. ఉత్తరాన శాన్ హసింటోలో 1937 జనవరి 8న సున్నాకు దిగువన 45 డిగ్రీలు దాటిన చలి. రెండూ ఒకే రాష్ట్రంలో!

లాస్ వేగస్ గురించి నాలుగు ముక్కలు చెప్పి ముందుకు వెళతాను. అది మొహావి ఎడారి. ఏడాదికి 10 సెంటీమీటర్ల వాన. తాగునీటిలో సుమారు 90 శాతం కొలరాడో నది నుంచి రావాలి. ఆ నదిలో నెవాడా వాటా 3 లక్షల ఎకరా అడుగులు, మన లెక్కలో 13 టీఎంసీలు. కాలిఫోర్నియాకు 190 టీఎంసీల పైనే ఉంది. అందుకే అక్కడ స్నానాల గదుల్లో, వంటిళ్లలో వాడిన నీటిని శుద్ధిచేసి మళ్లీ ఆ నది మీది జలాశయమైన మీడ్ సరస్సుకే పంపుతారు; పంపినంత మేర తిరిగి తోడుకుంటారు. అలంకారానికి మాత్రమే పెంచే పచ్చికను 2026 చివరికల్లా తీసేయాలని 2021లో చట్టం కూడా చేశారు. దుబారా నగరమని దాన్ని తీసిపారేసేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇప్పుడు మన నది దగ్గరికి వద్దాం. 1840లలో పటాల మీద బ్వేనవెంచురా అని ఒక నది ఉండేది. రాకీ పర్వతాల వైపు నుంచి ఈ ఎడారిని దాటి పసిఫిక్‌లో కలుస్తుందని అందరి నమ్మకం. జాన్ ఫ్రెమాంట్ అనే అన్వేషకుడు దాన్ని వెతుక్కుంటూ 1844 జనవరిలో ఇక్కడికి వచ్చాడు. ఆయనకు దొరికింది కొండల మధ్య పెద్ద నీలి సరస్సు. అందులో నిలబడ్డ ఒక రాతిని చూసి పిరమిడ్ సరస్సు అని పేరు పెట్టాడు. ఒడ్డున ఉన్న పాయూట్ అనే ఆదివాసీ ప్రజలు ఆ బృందానికి ట్రౌట్ చేపలు పెట్టి ఆకలి తీర్చారు. సముద్రానికి పోయే నది లేనే లేదని ఆ ప్రయాణంలోనే ఆయనకు అర్థమైంది. ఈ ప్రాంతానికి గ్రేట్ బేసిన్, అంటే మహా పళ్లెం, అని పేరు పెట్టింది ఆయనే. హంబోల్ట్, కార్సన్, వాకర్, ట్రకీ, అన్నీ ఈ పళ్లెంలోనే పుట్టి ఇందులోనే ముగుస్తాయి. ట్రకీ టాహో సరస్సులో బయలుదేరి, సుమారు 195 కిలోమీటర్లు నడిచి, పిరమిడ్ సరస్సులో ఆగిపోతుంది. అక్కడి నుంచి నీటికి దారి ఒక్క ఆకాశం వైపే.

ఆ నీరంతా మంచు కరిగి వచ్చేదే. చలికాలంలో సియెర్రా మీద పేరుకున్న మంచు వేసవిలో నెమ్మదిగా కరిగి మనకు అందుతుంది. వేరే జలాశయాలు ఎన్ని ఉన్నా అసలు జలాశయం ఆ కొండే. మరి కొండ మీద ఎంత నీరుందో ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు కనిపెట్టింది మన ఊరివాడే. జేమ్స్ చర్చ్ అని, నెవాడా విశ్వవిద్యాలయంలో ప్రాచీన భాషలు బోధించే ఆచార్యుడు. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో చలికాలపు మౌంట్ రోజ్ ఎక్కి, మంచులో గొట్టం దింపి తూచాడు. టాహో నీటిమట్టం మీద ఒడ్డున ఉన్నవాళ్లకూ దిగువవాళ్లకూ తగాదాలు నడుస్తున్న రోజులవి. వసంతంలో సరస్సు ఎంత పెరుగుతుందో ముందుగానే చెప్పగలిగితే సగం గొడవ తగ్గుతుందని ఆయన ఆలోచన. లాటిన్ పంతులు చేసిన ఆ పని ఇవాళ ఎన్నో దేశాల్లో జరుగుతోంది.

ఒక ఏడాది నేను కూడా కొలతకు వెళ్లేవాళ్ల వెంట వెళ్లాను. కొసన రంపంలాంటి పళ్లు ఉన్న అల్యూమినియం గొట్టం. దాన్ని మెలితిప్పుతూ నేల తగిలేదాకా దింపారు. పైకి లాగి, కొసన ఇంత నల్లమట్టి అంటుకుందా లేదా చూశారు. మట్టి ఉంటేనే అడుగుదాకా చేరినట్టు. ఆ మట్టిని కత్తితో గీకేసి, గొట్టాన్ని తాడుకు కట్టిన చిన్న త్రాసుకు అడ్డంగా వేలాడదీశారు. త్రాసు మీద అంకెలు బరువును చూపించవు, నేరుగా ఎన్ని అంగుళాల నీరో చూపిస్తాయి. ఒక రైతు పంటకు, ఒక ఊరి దాహానికి సంబంధించిన లెక్క నా కళ్లెదుట చేతిలో ఊగుతుంటే ఒళ్లు జలదరించింది.

ఇప్పుడు దిగులంతా ఆ లెక్క గురించే. రీనో అమెరికాలో అతివేగంగా వేడెక్కుతున్న నగరాల్లో ఒకటి. చలికాలంలో మంచుగా నిలవాల్సింది వానగా పడితే, అవసరం లేని నెలలోనే నది పొంగి వెళ్లిపోతుంది.

నీటిని మళ్లిస్తే ఏమవుతుందో ఈ నదికి బాగా తెలుసు. 1905లో డర్బీ ఆనకట్ట కట్టి ట్రకీ నీటిలో పెద్ద భాగాన్ని ఫాలన్ వైపు పొలాలకు తరలించారు. పిరమిడ్ పక్కనే ఉన్న విన్నెముకా సరస్సు 1930ల చివరికి పూర్తిగా ఎండిపోయింది. పిరమిడ్ మట్టం దాదాపు 24 మీటర్లు పడిపోయింది. నది నోటి దగ్గర ఇసుక మేట వేసి, గుడ్లు పెట్టడానికి ఎదురెక్కే చేపలకు దారి మూసుకుపోయింది. 1925లో 41 పౌండ్ల చేప దొరికిన ఆ సరస్సులో, 1940ల మొదటికల్లా లాహొంటన్ ట్రౌట్ అంతరించింది. క్వీవీ అనే మరో చేప ప్రపంచంలో ఆ సరస్సులో తప్ప ఎక్కడా లేదు. అక్కడి పాయూట్ ప్రజలు తమను తాము క్వీవీ తినేవాళ్లమని పిలుచుకుంటారు. వాళ్ల పేరులోనే ఉన్న చేపకు నీరు లేకుండా పోవడం ఎంతటి అన్యాయమో ఆలోచించండి. వాళ్లు దశాబ్దాల తరబడి పోరాడారు. ఇవాళ ఎగువన ఉన్న స్టాంపీడ్ జలాశయం నీటిని ఈ చేపల కోసమే సరైన వేళకు వదులుతున్నారు.

యూటా సరిహద్దులో పైలట్ పీక్ అనే కొండ మీది చిన్న వాగులో పాత పిరమిడ్ ట్రౌట్ జాతి బతికి ఉన్నట్టు తేలింది. వాటి పిల్లలను తెచ్చి సరస్సులో వదిలారు. 2014 వసంతంలో అవి తమంతట తాము ట్రకీలోకి ఎదురెక్కి, గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టాయి. వచ్చే ఏప్రిల్‌లో మంచునీళ్లు దిగే రోజుల్లో మనం అక్కడికి వెళదాం. పిల్లలను కూడా తీసుకురండి.