పొగ వెనకాల లైటు తీసేసి చూద్దాం

నమస్కారం. ఒక షాట్ గుర్తు తెచ్చుకోండి. చీకటి గది, సగమే కనబడే మొహం, వేళ్ల మధ్య సిగరెట్, దాని మీంచి సుడులు తిరుగుతూ లేచే తెల్లటి పొగ. చూడ్డానికి నిజంగానే బాగుంటుంది. ఆ అందమంతా కెమెరామన్ చేతి పని. ఎదురుగా లైటు వేస్తే పొగ వెలిసిపోయినట్టు ఉంటుంది. అందుకని లైటుని పొగ వెనకాల, కాస్త పక్కగా పెట్టి, బ్యాక్‌గ్రౌండ్ నల్లగా ఉంచుతారు. అప్పుడు ఒక్కో సుడీ వెండి దారంలా మెరుస్తుంది. చాలాసార్లు ఆ సిగరెట్లో పొగాకు కూడా ఉండదు, ఎండు మూలికలు ఉంటాయి. అవి కాలినా తారు, కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి కాబట్టి వాటినీ మంచివనుకోవద్దు.

ఇంకొకటి గమనించండి. నోట్లోనే పట్టి వదిలిన పొగ చిక్కగా వస్తుంది. ఊపిరితిత్తుల దాకా వెళ్లొచ్చిన పొగ పల్చగా వస్తుంది. మరి తగ్గిన పొగ ఎక్కడికి పోయింది? చాలావరకు లోపలే అంటుకుపోయింది.

ఈ స్టైల్ దానంతటదే పుట్టలేదు. 1929లో న్యూయార్క్ ఈస్టర్ ఊరేగింపులో కొందరు అమ్మాయిలు అందరూ చూస్తుండగా సిగరెట్లు వెలిగించారు. అది స్త్రీ స్వేచ్ఛకి గుర్తని ప్రచారం జరిగింది. దాన్ని ఏర్పాటు చేసింది ఎడ్వర్డ్ బెర్నేస్ అనే ప్రచార నిపుణుడు, డబ్బిచ్చింది అమెరికన్ టొబాకో కంపెనీ. మార్ల్‌బొరోని మొదట్లో ఆడవాళ్ల సిగరెట్‌గా అమ్మారు, 1950ల్లో కౌబాయ్‌ని తెచ్చి మగతనం అంటగట్టారు. ఆ ప్రచారంలో కనిపించిన వేన్ మెక్‌లారెన్ 1992లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయాడు. వయసు 51.

ఇక అందరూ చెప్పే మాట: "టెన్షన్‌గా ఉంది, ఒక దమ్ము లాగితే రిలాక్స్ అవుతా." నికోటిన్ 10 నుంచి 20 సెకన్లలో మెదడుకి చేరుతుంది. తర్వాత సుమారు 2 గంటలకి రక్తంలో సగానికి పడిపోతుంది. పడేకొద్దీ చిరాకు మొదలవుతుంది, పని మీద మనసు నిలవదు. తర్వాతి సిగరెట్ తీర్చేది ఆ చిరాకునే. అసలు తాగనివాళ్లకి ఆ చిరాకు పుట్టనే పుట్టదు! రాత్రంతా నికోటిన్ అందలేదు కాబట్టే పొద్దున్నే తాగే మొదటిది అంత హాయిగా అనిపిస్తుంది.

పొద్దున వచ్చే దగ్గు సంగతీ చెప్పాలి. శ్వాసనాళాల్లో కంటికి కనబడనంత సన్నని నూగు కఫాన్ని పైకి నెడుతుంటుంది. పొగ దాన్ని మొద్దుబారుస్తుంది. నిద్రలో పొగ ఆగేసరికి కాస్త తేరుకుని మళ్లీ ఊడవడం మొదలెడుతుంది. మానేసిన కొత్తలో కొందరికి దగ్గు పెరిగేదీ ఇందుకే.

"నేను తాగేది లైట్ సిగరెట్" అనేవాళ్లు ఫిల్టర్ చుట్టూ ఉన్న కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూడండి. చాలా వాటిలో సూదిమొనంత చిల్లులు వరసగా ఉంటాయి. తారు ఎంతుందో కొలిచే మెషీన్ లాగినప్పుడు వాటిగుండా గాలి కలిసి తారు తక్కువగా నమోదవుతుంది. మనిషి లాగేటప్పుడు వేళ్లు, పెదాలు వాటిని మూసేస్తాయి. చాలనప్పుడు దమ్ము ఇంకా లోతుగా పడుతుంది. అలా తేడా కాస్తా పోతుంది.

మానాలనుకుంటే మొదటి మూడు రోజులూ గట్టివి. నికోటిన్ గమ్ సాయపడుతుంది, కానీ చాలామంది దాన్ని తప్పుగా వాడి "పనిచేయలేదు" అంటారు. లేచిన 30 నిమిషాల్లోపే సిగరెట్ వెలిగించేవాళ్లకి 4 మిల్లీగ్రాములది, ఆ తర్వాత వెలిగించేవాళ్లకి 2 మిల్లీగ్రాములది. నెమ్మదిగా నమలండి. నోరు చురచురమనగానే ఆపి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోండి. ఆ చురుకు తగ్గాక మళ్లీ నమిలి, ఈసారి ఇంకో పక్కన పెట్టండి. ఇలా అరగంట. గబగబా నమిలితే నికోటిన్ ఉమ్మితో కడుపులోకి పోయి ఎక్కిళ్లు, గుండెమంట వస్తాయి, కోరిక మాత్రం తీరదు. గమ్‌కి 15 నిమిషాల ముందు నుంచి కాఫీ, పళ్లరసం వద్దు, పులుపు ఉంటే నోట్లోంచి నికోటిన్ ఎక్కదు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ముందు డాక్టర్‌ని అడగాలి.

కాఫీ అలవాటున్నవాళ్లకి ఒక మాట. పొగ వల్ల ఒంట్లో కెఫీన్ త్వరగా కరిగిపోతుంటుంది. మానేశాక అదే కప్పు ఎక్కువసేపు పనిచేస్తుంది. నిద్ర పట్టక, గుండె దడగా ఉంటే సిగరెట్ లేకే ఇలా అయిందనుకుని మళ్లీ వెలిగిస్తారు. మానే రోజు నుంచే కాఫీని సగానికి తగ్గించండి.