41వ ఎపిసోడ్: నెట్ దగ్గరికి ఎవరు రమ్మన్నారు?

మురళి: నమస్కారం, మళ్ళీ మేమే. ఈసారి బావ మూడు రోజుల ముందే టాపిక్ చెప్పాడు, అదే పెద్ద వార్త. రాబోయే పదేళ్లలో మగవాళ్ల టెన్నిస్ ఎలా మారుతుంది?

శేఖర్: నోట్స్ కూడా రాసుకొచ్చా.

మురళి: డైరీలోనా?

శేఖర్: డైరీ ఊసెత్తకు. 2025 యూఎస్ ఓపెన్ ఫైనల్లో అల్కరాజ్ చేతిలో ఓడాక సిన్నర్ ఏమన్నాడో గుర్తుందిగా? నా ఆట ముందే తెలిసిపోతోంది, ఒక్కసారి కూడా సర్వ్ చేసి నెట్‌కి వెళ్లలేదు అని ఒప్పుకున్నాడు. రెండు నెలల ముందే వింబుల్డన్ గెలిచినవాడు! బేస్‌లైన్ నుంచి, అంటే కోర్టు వెనక గీత దగ్గర నుంచి, అంత గట్టిగా బాదేవాడే ఇది చాలదంటున్నాడంటే, వచ్చే తరం మళ్ళీ నెట్ వైపు నడుస్తుందని నా లెక్క.

మురళి: నడవడం వేరు, అక్కడ కాపురం పెట్టడం వేరు. తొంభైల్లో వింబుల్డన్ ఏలిన సాంప్రాస్‌లా సర్వ్ చేసి పరిగెత్తుకొచ్చేవాడు ఇక రాడు.

శేఖర్: ఎలా వస్తాడు, గడ్డి మార్చి చంపేస్తే?

మురళి: వచ్చేసింది గడ్డి! ఎవరైనా లెక్కపెడుతున్నారా?

శేఖర్: నవ్వుకో. 2000 దాకా వింబుల్డన్‌లో 70 శాతం రై గడ్డి, 30 శాతం ఫెస్క్యూ అనే ఇంకో రకం గడ్డి. 2001 నుంచి మొత్తం రై గడ్డే. ఎక్కువ మన్నుతుందని మార్చారు. నేల గట్టిపడింది, బంతి లేచింది. మోకాలి కింద జారిపోయే బంతి నడుం దగ్గరికొస్తే ఎవడైనా కొడతాడు. పాత మ్యాచ్‌ల వీడియోలు చూడు, రెండోవారానికి బేస్‌లైన్ నుంచి నెట్ దాకా గడ్డి అరిగి కాలిబాట పడేది. ఇప్పుడు అరిగేది బేస్‌లైన్ దగ్గరే. ముందంతా పచ్చగా పెళ్లిపందిరిలా ఉంటుంది.

మురళి: 2001 ఫైనల్ ఎవరెవరికి?

శేఖర్: అది వేరే విషయం.

మురళి: చెప్పు బావా.

శేఖర్: ఇవానిసెవిచ్, రాఫ్టర్.

మురళి: కొత్త గడ్డి మీద! 125వ ర్యాంకు ఇవానిసెవిచ్, నిర్వాహకులు పిలిచి ఇచ్చే వైల్డ్ కార్డుతో వచ్చి, సర్వ్ చేసి నెట్‌కి పరిగెత్తి కప్పు ఎత్తుకెళ్లాడు. అవతలివాడిదీ అదే ఆట. గడ్డే చంపితే వాళ్లెలా బతికారు?

శేఖర్: ఒక్క ఏడాది పట్టుకుని వాదించకు. మరుసటి ఏడే హ్యూయిట్, నల్బాండియన్. ఇద్దరూ వెనకే.

మురళి: గడ్డి చెయ్యి వేసిందేమో గానీ అసలు దెబ్బ గట్టింగ్‌ది, అంటే రాకెట్ తీగలది. కువెర్టెన్ 1997లో పారిస్‌లో గెలిచింది పాలిస్టర్ తీగతో. బంతి తగలగానే ఆ తీగ పక్కకి జరిగి టక్కున వెనక్కొస్తుంది. బంతి గిరగిరా తిరుగుతూ నెట్ దాటి, ఒక్కసారిగా కిందికి దిగుతుంది. నువ్వు నెట్ దగ్గరున్నావు, భుజం ఎత్తులో వస్తోందని రాకెట్ లేపావు. అది నీ బూట్ల మీద పడింది. ఇంకేం వాలీ, నేల తాకకముందే కొట్టేదెలా?

శేఖర్: ఆ తీగ గురించి నాకు చెబుతున్నావా? నీ మాట విని వేయించుకున్నా. ఆ షాపువాడు ఎంత బిగించాడో ఏమో, రెండు వారాలకి స్నానం చేస్తూ చెంబు ఎత్తలేకపోయా.

మురళి: ఇరవై ఏళ్లవాళ్ల తీగ బావా అది...

శేఖర్: ఎనిమిది నెలలు కోర్టు మొహం చూడలేదురా.

మురళి: సరే, సారీ. అది నిజంగా నా తప్పే.

శేఖర్: అందులోనూ నాది ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్. బరువంతా ఒక్క మోచేతి మీదే.

మురళి: అనుకున్నా, ఇంకా రాలేదేంటా అని.

శేఖర్: 1973లో ర్యాంకింగ్స్ మొదలైనప్పటి నుంచి మొదటిసారి, 2024 ఫిబ్రవరిలో టాప్ టెన్‌లో ఒంటిచేతివాడు ఒక్కడూ లేడు. సిట్సిపాస్ 11కి జారాడు. ఆరోజు నేను కాఫీ తాగలేదు.

మురళి: తాగావు, అక్క చెప్పింది. తర్వాత ఒంటిచేతి ముజెట్టి టాప్ టెన్‌లోకి వచ్చాడుగా. టాపిక్‌కి రా, సగం టైమ్ అయిపోయింది.

శేఖర్: టాపిక్ ఇదే. నీ తీగ వల్లే కదా అందరూ వెనక్కి పోయారు? మెద్వెదెవ్ రిటర్న్‌కి, అంటే అవతలివాడి సర్వ్ తిప్పికొట్టడానికి, నిలబడే చోటు చూడు, లైన్ జడ్జిలు ఉండే రోజుల్లో వాళ్ల ఒళ్లో కూర్చునేవాడు. వెనక్కి పోతే ముందు ఖాళీ. అల్కరాజ్ ఫోర్‌హ్యాండ్‌కి చెయ్యి పూర్తిగా వెనక్కి లాగుతాడు, అవతలివాడు ఇంకో అడుగు వెనక్కి వేస్తాడు, వీడు మెత్తగా నెట్ దాటగానే పడేలా డ్రాప్ వేస్తాడు. రేపు వచ్చేవాళ్లంతా ఇది చిన్నప్పుడే నేర్చుకుని వస్తారు.

మురళి: ఇది ఒప్పుకుంటా. కానీ రెండోసారి వేస్తే అవతలివాడూ పరిగెత్తుకొస్తాడు. అప్పుడు ఇద్దరూ ముందే ఉంటారు, వాలీ తెలిసినవాడే గెలుస్తాడు. ఆ చదువు ఇప్పుడు డబుల్స్‌లోనే ఉంది. బోపన్న 43 ఏళ్ల వయసులో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది ఆ చేతులతోనే.

శేఖర్: అందుకే మా చిన్నోడికి ముందు స్లైస్, బంతిని కింద కోసినట్టు కొట్టే షాట్, నేర్పమన్నా. ఒంటిచేత్తో.

మురళి: కోచ్ ఒప్పుకున్నాడా?

శేఖర్: రెండు చేతులతో కొట్టనీయండి సార్, బలం చాలదు అన్నాడు. నేను వినలేదు. నిన్న సాయంత్రం నేనే గోడ దగ్గరికి తీసుకెళ్లి గంటసేపు చూపించా.

మురళి: ఏం చేశాడు?

శేఖర్: ఫోర్‌హ్యాండ్ కూడా రెండు చేతులతో కొడుతున్నాడు.