10,363 సార్లు నిలబడ్డ మనిషి

[తెర మీద: నల్లటి నేపథ్యం. మధ్యలో 10,363 అంకె.]

ఈ అంకె కాస్త గుర్తు పెట్టుకోండి.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆట ముక్కలు ముక్కలుగా సాగుతుంది. బంతి ఆటలోకి వచ్చిన ప్రతిసారీ దాన్ని ఒక స్నాప్ అంటారు. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ అనే జట్టు దగ్గర బంతి ఉన్నప్పుడల్లా, వరసగా 10,363 స్నాప్‌లు, ఒక్కటీ వదలకుండా ఆడినవాడు జో థామస్.

[తెర మీద: పైనుంచి మైదానం. వరసలో ఐదుగురు. ఎడమ చివరి మనిషి చుట్టూ పసుపు గీత.]

అతని స్థానం లెఫ్ట్ టాకిల్. మామూలుగా ఈ ఐదుగురికీ ముందుకు విసిరిన బంతిని అందుకునే హక్కు కూడా ఉండదు. వెనకాల నిలబడి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీద ఎవరూ పడకుండా చూడాలి. కుడిచేతి వాటం క్వార్టర్‌బ్యాక్ విసరడానికి తిరిగితే అతని వీపు ఎడమవైపుకి వస్తుంది. అటునుంచి ఉరికొచ్చేవాడు అతనికి కనపడడు. ఆ వీపుకి కాపలా థామస్‌ది.

[తెర మీద: స్లో మోషన్. పాదాలు మాత్రమే.]

ఇక్కడ పాదాలు చూడండి. అవతలివాడు ముందుకు దూకుతుంటే ఇతను వెనక్కి నడుస్తున్నాడు. ఎడమ కాలు వెనక్కి జారుతుంది, కుడి కాలు నేలని రాసుకుంటూ దాని వెంటే వస్తుంది. మోకాళ్లు వంగే ఉంటాయి. ఆరడుగుల ఆరంగుళాలు, 140 కిలోల పైచిలుకు మనిషి, అయినా ఎక్కడా తూలడు. అవతలివాడు చేతికందే దూరంలోకి రాగానే రెండు అరచేతులూ వాడి రొమ్ము మీద పడతాయి. చొక్కా పట్టి లాగాడా, జట్టు పది గజాలు వెనక్కి పోవాల్సిందే. ఇదంతా రెండు మూడు సెకన్ల పని. అయ్యాక మళ్లీ వెళ్లి వరసలో నిలబడాలి.

[తెర మీద: సరస్సు, చిన్న పడవ.]

థామస్ 1984లో విస్కాన్సిన్ రాష్ట్రంలో పుట్టాడు, అక్కడి యూనివర్సిటీకే ఆడాడు. ఏటా జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమాన్ని డ్రాఫ్ట్ అంటారు. 2007 డ్రాఫ్ట్‌లో మొత్తం మీద మూడో ఆటగాడిగా బ్రౌన్స్ అతన్ని ఎంచుకుంది. ఆ రోజు పెద్ద ఆటగాళ్లు కొందరు న్యూయార్క్ వేదిక మీద ఉంటే, ఇతను నాన్నతో కలిసి మిషిగన్ సరస్సులో చేపలు పడుతున్నాడు.

[తెర మీద: గెలుపు 48, ఓటమి 128.]

మొదటి ఏడాది బ్రౌన్స్ 10 మ్యాచ్‌లు గెలిచింది, అయినా సీజన్ చివర టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్స్‌కి చేరలేదు. ఆ తర్వాత అంతా దిగుడే. 2016లో ఒక్క గెలుపు, 2017లో అదీ లేదు. అతను ఉన్న 11 సీజన్లలో ఆరుగురు హెడ్ కోచ్‌లు మారారు. క్వార్టర్‌బ్యాక్‌లైతే దాదాపు 20 మంది. వెనకాల ఉన్న మనిషి మారుతూనే ఉన్నాడు, ముందు నిలబడ్డవాడు మారలేదు. మొదటి పది సీజన్లూ, ఆ ఏటి మేటి ఆటగాళ్లకు దక్కే ప్రో బౌల్ గౌరవానికి ఎంపికయ్యాడు. ప్లేఆఫ్ మ్యాచ్ మాత్రం ఒక్కటీ ఆడలేదు.

నాకు ఈ 10,363 అంకె ఇంత గొప్పగా అనిపించేది ఓడిపోయే జట్టులో వచ్చినందుకే. గెలుస్తున్నప్పుడు ఒంటి నొప్పులు తెలియవు. డిసెంబరు చలిలో, సీజన్ ఎప్పుడో చేజారాక, ఆఖరి క్వార్టర్‌లో, అంటే ఆట నాలుగో భాగంలో కూడా అవే పాదాలు, అదే శ్రద్ధ. అది చూసి మెచ్చుకోకుండా ఉండలేను.

2018 మార్చిలో రిటైరయ్యాడు. ఆటకోసం మోసిన బరువులో 20 కిలోలకు పైగా తగ్గించుకున్నాడు. 2023లో, అర్హత వచ్చిన మొదటి ఏడాదే, ఈ ఆటలో మేటివాళ్లకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లాడు.

[తెర మీద: 2017 అక్టోబరు 22. క్లీవ్‌లాండ్.]

టెనెసీ టైటన్స్‌తో మ్యాచ్. మూడో క్వార్టర్. బంతి పట్టుకుని పరిగెత్తే మామూలు ప్లే. ఆటగాళ్లు గుట్టలా పడి లేచారు. థామస్ 73 నంబర్ చొక్కా మాత్రం ఇంకా నేల మీదే ఉంది, ఎడమ చేతిని పట్టుకుని. ట్రైసెప్స్ కండరం తెగింది. మెల్లగా లేచి బయటికి నడిచాడు.

[తెర మీద: తర్వాతి స్నాప్. ఎడమ చివర వేరే ఆటగాడు వంగి నిలబడుతున్నాడు.]