36 పెద్దదా, 37 పెద్దదా?

కోచ్‌లకు, తల్లిదండ్రులకు, బంతి ఒళ్లో పెట్టుకుని ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

క్రికెట్ స్కోర్‌కార్డు చదవడం మనకు ఉగ్గుపాలతో వచ్చింది. 40 బంతుల్లో 22 అని చూస్తే చాలు, పిచ్ ఎలా ఉందో, అవతలి ఎండ్‌లో ఏం జరుగుతోందో ఊహించేస్తాం. బాస్కెట్‌బాల్ బాక్స్ స్కోర్, అంటే ఒక్కో ఆటగాడి లెక్కలు ఒక్కో వరుసలో ఉండే పట్టిక, ముందు పెడితే మాత్రం కళ్లు నేరుగా పాయింట్ల గడి మీదకే పోతాయి. ఎవరు ఎక్కువ కొట్టారో చూసి కాగితం పక్కన పడేస్తాం. అందుకే ఇవాళ ఒకే ఒక్క మ్యాచ్ కాగితాన్ని కాస్త నిదానంగా చదువుదాం.

2024 ఆగస్టు 8, పారిస్ ఒలింపిక్స్ పురుషుల సెమీఫైనల్. అమెరికా 95, సెర్బియా 91. ఈ రెండు అంకెలే చూస్తే మంచి పోటీ అనుకుంటాం, అంతే. ఇప్పుడు క్వార్టర్ల వరుస, అంటే మ్యాచ్‌లోని నాలుగు భాగాల స్కోర్లు చూడండి. అమెరికాకు 23, 20, 20, 32. సెర్బియాకు 31, 23, 22, 15. అంటే మొదటి మూడు క్వార్టర్లూ అమెరికా ఓడిపోయింది! మూడో క్వార్టర్ ముగిసేసరికి 13 పాయింట్లు వెనకబడి ఉంది. ఆ జట్టులో ఎవరెవరు ఉన్నారో ఈ పిల్లలే నాకన్నా బాగా చెబుతారు. అలాంటి జట్టు చివరి క్వార్టర్ పది నిమిషాల ఆటతో గట్టెక్కింది.

అమెరికా ఆటగాడు స్టెఫెన్ కర్రీ వరుసకు వద్దాం. మొత్తం షాట్లు 19, పడినవి 12. అందులో త్రీలు, అంటే గీత అవతలి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు, 14 వేస్తే 9 పడ్డాయి. ఫౌల్ అయితే ఇచ్చే ఒక్కో పాయింటు షాట్లు, ఫ్రీ త్రోలు, మూడుకు మూడు. పాయింట్లు 36. లెక్క సరిచూడండి: తొమ్మిది త్రీలకు 27, మూడు మామూలు షాట్లకు 6, ఫ్రీ త్రోలకు 3. ఏ బాక్స్ స్కోర్ చేతికొచ్చినా ముందు ఇలా కూడి చూసుకోండి. రాసినవాడు ఎక్కడైనా తడబడితే అక్కడే దొరికిపోతాడు.

12/19 అంటే 63 శాతం. కానీ ఈ శాతం కర్రీకి అన్యాయం చేస్తుంది, ఎందుకంటే దానికి బుట్ట పక్కనుంచి వేసే లేఅప్ అయినా త్రీ అయినా ఒకటే. పడిన ప్రతి త్రీకి ఇంకో అర కలిపి లెక్కేస్తే 16న్నర బై 19, దాదాపు 87 శాతం. ఇంకోలా చెప్పాలంటే, కేవలం రెండు పాయింట్ల షాట్లతో ఆ 33 పాయింట్లు రావాలంటే 19లో 16న్నర పడాలి. బుట్ట కింద నిలబడి వేసేవాళ్లకు కూడా అది అంత తేలిక కాదు.

సరే, 36. ఒలింపిక్స్‌లో ఒక మ్యాచ్‌లో అమెరికా పురుషుల జట్టు ఆటగాడి అత్యధిక స్కోరు 37. అది కార్మెలో ఆంథొనీది, 2012 లండన్‌లో నైజీరియా మీద. 12 త్రీలు వేసి 10 కొట్టాడు. ఆడింది సుమారు 14 నిమిషాలే. చేతికి నిప్పంటుకున్నట్టే ఆడాడు, కాదనను. కానీ ఆ మ్యాచ్ స్కోరు 156-73. అతను ఆ 37లో ఒక్క పాయింటు కొట్టకపోయినా అమెరికా 46 పాయింట్ల తేడాతో గెలిచేది. కర్రీ 36లోంచి ఐదు తీసేస్తే సెర్బియా ఫైనల్‌లో ఉంటుంది. రికార్డుల పట్టికలో మాత్రం 37 పైన, 36 కింద.

ఇంకో సంగతి. మొదటి క్వార్టర్‌లో అమెరికా చేసిన 23లో 17 కర్రీవే. మిగతా జట్టు అప్పటికి నిద్ర లేవలేదు. చివర్లో, 2 నిమిషాల 24 సెకన్లు మిగిలి ఉండగా, 87-86తో ఆధిక్యం తెచ్చిపెట్టిన త్రీ కూడా అతనిదే. ఈ రెండూ బాక్స్ స్కోర్‌లో అతని పేరు పక్కన కనిపించవు. ఆ వరుసలో షాట్లకు గడి ఉంది, గడియారానికి లేదు.

అదే మ్యాచ్‌లో అమెరికా ఆటగాడు లెబ్రాన్ జేమ్స్‌వి 16 పాయింట్లు, 12 రీబౌండ్లు (పడని షాట్ తర్వాత బంతి అందుకోవడం), 10 అసిస్టులు (పడిన షాట్‌కు దారితీసిన పాస్‌లు). అవతల సెర్బియా ఆటగాడు నికోలా యోకిచ్‌వి 17 పాయింట్లు, 11 అసిస్టులు. అసిస్టుల దగ్గర మన స్కోరర్లు ఒక్కమాట గుర్తుపెట్టుకోవాలి. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా నిబంధనల్లో, పాస్ అందుకుని షాట్ వేయబోయినవాడికి ఫౌల్ అయి, వాడు ఒక్క ఫ్రీ త్రో కొట్టినా పాస్ ఇచ్చినవాడికి అసిస్టు రాస్తారు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో రాయరు. టీవీలో ఎన్‌బీఏ చూసి అలవాటైనవాళ్లు మన టోర్నమెంట్లలో ఇక్కడే అసిస్టులు మింగేస్తుంటారు.

ఆ మ్యాచ్ అమెరికా జట్టు జాబితాలో ఒక వరుస ఖాళీగా ఉంటుంది, జేసన్ టాటమ్‌ది. కొద్ది వారాల ముందే బోస్టన్ సెల్టిక్స్‌తో ఎన్‌బీఏ టైటిల్ గెలిచినవాడు ఆ రాత్రి ఒక్క నిమిషం కూడా ఆడలేదు. మ్యాచ్‌లో కూర్చోబెట్టారని అలిగే పిల్లలకు చూపించండి.

ఆ సెమీఫైనల్‌కు ముందు నాలుగు మ్యాచ్‌లలో కర్రీ కొట్టింది మొత్తం 29 పాయింట్లు, 20 త్రీలకు పడినవి 5. అక్కడ ఆగి చదివినవాళ్లు వయసు మీదపడిందన్నారు. ఆగస్టు 10న ఫైనల్‌లో ఫ్రాన్స్ మీద 24 కొట్టాడు, అన్నీ త్రీలే, 12కు 8. చివరి మూడు నిమిషాల్లో తేడా మూడుకు తగ్గినప్పుడు వరుసగా వచ్చిన నాలుగు కూడా వాటిలోవే. 98-87తో మ్యాచ్ ముగిసింది. ఫ్రాన్స్ తరఫున వెంబన్యామా 26 చేసినా సరిపోలేదు. టోర్నమెంట్ ఉత్తమ ఆటగాడి అవార్డు మాత్రం లెబ్రాన్‌కే ఇచ్చారు. ఆరు మ్యాచ్‌లూ పక్కపక్కన పెట్టి చూస్తే నా ఓటూ అతనికే.

మర్నాడు మహిళల ఫైనల్. అమెరికా 67, ఫ్రాన్స్ 66. అమెరికా తరఫున ఆజా విల్సన్ 21 పాయింట్లు, 13 రీబౌండ్లు, 4 బ్లాక్‌లు (అడ్డుకున్న ప్రత్యర్థి షాట్లు). బజర్ మోగుతుండగా ఫ్రాన్స్ ఆటగత్తె గాబీ విలియమ్స్ వేసిన షాట్ బోర్డుకు తగిలి లోపల పడింది. కానీ ఆమె కాలు త్రీ పాయింట్ గీత మీద ఉంది. గీత తొక్కితే రెండే. కాలు కాస్త వెనక ఉండుంటే స్కోరు సమమై ఓవర్‌టైమ్. బాక్స్ స్కోర్‌లో అది మిగతా రెండు పాయింట్ల షాట్లతో కలిసిపోయింది.

అందుకే స్కోర్ టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లకు నా విన్నపం. ఈ మధ్య ఫోన్‌లో యాప్ ఉంది కదా అని కాగితం షీట్ నింపడం తగ్గించేశారు. ఫీబా షీట్‌లో రన్నింగ్ స్కోర్ అని, 1, 2, 3 అంటూ పాయింట్ల అంకెలున్న పొడుగాటి నిలువు వరుసలు ఉంటాయి. షాట్ పడితే అంకె మీద ఏటవాలు గీత, ఫ్రీ త్రో అయితే నిండు చుక్క, త్రీ అయితే ఆటగాడి నంబరు చుట్టూ సున్నా. మొదటి, మూడో క్వార్టర్లకు ఎర్ర పెన్ను, మిగతా రెంటికి నీలమో నలుపో. మ్యాచ్ ఏ వరుసలో నడిచిందో అందులో పూర్తిగా ఉంటుంది. ఎవరు ఎప్పుడు జోరందుకున్నారో, ఎక్కడ జట్టు చతికిలబడిందో వేలు పెట్టి చూపించవచ్చు.

మధ్యాహ్నం మ్యాచ్‌లకు ఖాళీ షీట్లు, పెన్నులు ఆ చివరి బల్ల మీద పెట్టించాను. ఇద్దరిద్దరు కూర్చోండి, ఒకరు పైకి చెప్పాలి, ఇంకొకరు రాయాలి. సాయంత్రం యాప్ ఇచ్చిన లెక్కతో పోల్చి చూద్దాం.